కిటమురా ఎందుకు వదిలేశాడు

మూడు రోజుల ప్రయాణానికి ఇంత రాయాలా అని మా ఆయన అడిగాడు. ఫోటోలైనా సరిగ్గా లేవు కదా అన్నాడు. నిజమే. కోటలూ సరస్సులూ మంచుకొండలూ చూడాలనుకునేవాళ్ళకి ఇందులో ఏమీ దొరకదు. నేను వెళ్ళింది జర్మనీ తూర్పు మూలకి, మన దగ్గర కరోనా రెండో వేవ్ నడుస్తున్న మే నెలలో, వందేళ్ళ కిందటి ఒక జపాను మల్లుడి కోసం. వెళ్ళకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికి ఎన్నిసార్లు అనుకున్నానో. అయినా జరిగింది జరిగినట్టు చెప్పకపోతే నాకు ముద్ద దిగదు. నా ఉద్యోగమూ అలాంటిదే. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి, దొరికినవన్నీ ఒక్కటీ వదలకుండా రాసివ్వడం.

ఉంటర్‌ఫ్యోరింగ్

మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఉంటాం. ఆ వసంతంలో వంటగది బల్లే నా ఆఫీసు. కీటా, అంటే చిన్నపిల్లల బడి, మూసేయడంతో మా అమ్మాయి అదే బల్ల కింద కూచుని తనలో తాను జర్మన్‌లో పోట్లాడుకునేది. రోజూ పొద్దున కాఫీ పెట్టుకుని కరీంనగర్‌కి ఫోన్ చేసేదాన్ని, కొమురయ్య సార్‌కి.

సార్ మా హైస్కూల్లో పీఈటీ. బడి వెనక రేకుల షెడ్డులో చిరిగిన పరుపులు పరిచి మాకు జూడో నేర్పినాయన. ఆడపిల్లలకి కుస్తీ ఏంటని మా నాయనమ్మ బడికొచ్చి అరిస్తే, "కుస్తీ కాదవ్వా, పడుడు నేర్పుతున్న. పడుడు అందరికీ అక్కరకొస్తది" అన్నాడు. ఆవిడ నోరు మూతపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

నలభై ఏళ్ళుగా సార్ ఒక పుస్తకం రాస్తున్నారు. జపానులో జుజుత్సు, జూడో నేర్చుకుని, ఆ విద్య నేర్పుదామని ఓడలెక్కి ఇంగ్లండు, అమెరికా, బ్రెజిల్ వెళ్ళిన తొలితరం వాళ్ళ గురించి. అక్కడ శిష్యులు దొరక్క, పొట్ట గడవక వాళ్ళు కుస్తీ బరుల్లోకీ సర్కస్ డేరాల్లోకీ దిగారు. ఒక్కొక్కరిదీ ఒక్కో అధ్యాయం, కానీ చివరికి అందరి కథా ఒకటే. మేనేజరు గెలవమన్న రోజు గెలవాలి, ఓడమన్న రోజు ఓడాలి. "అమ్ముడుపోనోడు ఒక్కడున్నడు బిడ్డా" అనేవారు సార్. "కిటమురా. జర్మనీకి పోయిండు. ఒక్కసారి గూడ ఓడలే." ఆ మాట ఆయనకి వాళ్ళ గురువు చెప్పాడు. కాగితం మీద ఆధారం ఏదీ లేదు. పుస్తకం మొత్తం ఆ ఒక్కడి వైపే నడుస్తుంది. చివరి అధ్యాయం అతనిదే, అదొక్కటే మిగిలింది.

ఏప్రిల్‌లో సార్‌కి కరోనా వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చారు కానీ ఊపిరితిత్తులు రాలేదు. మంచం పక్కన ఆక్సిజన్ మిషను, రోజుకి ఐదు నిమిషాలకి మించి మాట్లాడొద్దని డాక్టరు ఆజ్ఞ. సరిగ్గా అప్పుడే, నేను అంతకుముందెప్పుడో రాసిన ఉత్తరానికి కెమ్నిట్జ్‌లోని ఒక జూడో క్లబ్బు నుంచి జవాబొచ్చింది. కిటమురా మనవరాలు ఫ్రౌ లిండ్నర్ ఆ ఊరి వృద్ధాశ్రమంలోనే ఉంది, ఆవిడ దగ్గర ఒక ఆల్బమ్ ఉంది అని. సార్‌కి చెప్పాను.

"పోయి రా బిడ్డా" అన్నారు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. "ఆ ఒక్కటి రాసినంక... ఏమన్న గానీ."

కరీంనగర్ వెళ్ళే దారి లేదు. వెళ్తే తిరిగి ఎప్పుడు రానిస్తారో తెలియదు. కెమ్నిట్జ్ వెళ్ళే దారి ఉంది. ఆఫీసులో మూడు రోజులు సెలవు పెట్టాను.

హోఫ్ దాకా

రైల్లో ముక్కూ నోరూ మూసే గట్టి మాస్కు తప్పనిసరి. తినేటప్పుడు మాత్రం తీయొచ్చు. ఆ వంకతో జర్మన్లు గంటన్నరపాటు ఒక్క యాపిల్ తింటారని ఆ రోజే తెలిసింది. నేను పులిహోర డబ్బా తీశాను. ఇంగువ వాసనకి ఎదుటి సీటాయన తల ఎత్తాడు. అరవై దాటిన మనిషి, ఒళ్ళో టోపీ. ఏ దేశం అని మర్యాదగా అడిగాడు. ఇండియా అన్నాను. అప్పట్లో ఇక్కడి టీవీలో ఇండియా అంటే చితులే. ఆయన ముఖం మారిపోయింది. క్షమించండి అని మరీ చెప్పి, సంచీ తీసుకుని బోగీ ఆ చివరికి వెళ్ళి కూచున్నాడు.

నేను ఈ దేశం దాటక ఏడాదిన్నరైందయ్యా అని అరవాలనిపించింది. ఆ క్షమించండి అన్నదే ఎక్కువ మండింది. కోపంతో పులిహోర గబగబా తిని, పసుపు చేత్తోనే మాస్కు పెట్టుకున్నాను. రైలు మారడానికి హోఫ్‌లో దిగితే అద్దంలో నా ముఖం పెళ్ళికూతురి ముఖంలా ఉంది.

హోఫ్ స్టేషన్లో కుర్చీలన్నీ తిరగేసి తాళ్ళు కట్టేశారు. బేకరీ కిటికీలోంచి కాఫీ ఇస్తారు, కానీ అక్కడ నిలబడి తాగకూడదు. యాభై మీటర్లు నడిచి వెళ్ళి తాగాలి. నిజంగానే నేల మీద గీత గీసి పెట్టారు. మన దగ్గర ఆ గీత మీదే నలుగురు కూచుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఇక్కడ అందరూ గీత దాటి, ఒకరికొకరు దూరంగా గోడవైపు తిరిగి తాగుతున్నారు. నేనూ అలాగే తాగాను.

కెమ్నిట్జ్

హోటళ్ళలో యాత్రికులకి గదులివ్వడం లేదు. అందుకని స్రవంతి దగ్గర దిగాను. హుజూరాబాద్ పిల్ల, ఇక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తోంది. సార్ దగ్గర నా తర్వాత పదేళ్ళకి నేర్చుకుంది. మేమిద్దరం అంతకుముందు కలిసింది లేదు. తలుపు తీసి నన్ను చూడగానే, షెడ్డులో నేర్పినట్టు నడుం వంచి దండం పెట్టింది. నేనూ పెట్టాను. ఆ తర్వాతే చెప్పులు విప్పాను.

ఇండియన్ షాపులో కందిపప్పు అయిపోయిందని మైసూరు పప్పుతో టమాటా పప్పు చేసింది. గోంగూర సీసా మూత తీసి, లోపల మిగిలినదాన్ని ఇద్దరికీ సగం సగం వేసింది. ఏడాదికి పైగా ఆ పిల్ల క్లాసులన్నీ మంచం మీద కూచునే విన్నది. రెస్టారెంటులో పార్ట్‌టైమ్ పోయింది. వీసా గడువు దగ్గరకొచ్చింది, ఆఫీసులో అపాయింట్‌మెంట్, ఇక్కడి మాటలో టెర్మిన్, దొరకడం లేదు.

"మెయిల్ పెడితే మెయిలే వస్తది అక్కా. వెయిట్ చెయ్యుమని" అంది. "ఒక్కోరోజు లేవబుద్ధి కాదు. ఈ గోడలు చూసుకుంట ఎందుకొచ్చిన్నా అనుకుంట. అప్పుడు కిటమురాను యాది చేసుకుంట. ఆయనకు భాష గూడ రాదు గదా."

"ఓడలేదని సార్ చెప్పిండు" అన్నాను.

"అగో, ఓడలే గదా మరి" అంది స్రవంతి, అందులో అనుమానం ఏముందన్నట్టు.

ఫ్రైబర్గ్

మర్నాడు ఫ్రైబర్గ్ వెళ్ళాను. పాత గనుల ఊరు, కెమ్నిట్జ్ నుంచి ముక్కాలు గంట. కిటమురా మొదటిసారి కుస్తీ పట్టిన హాలు అక్కడే ఉందని క్లబ్బువాళ్ళ ఉత్తరంలో ఉంది. బరి ఎక్కడుండేదో చూసి, ఫోటో తీసి సార్‌కి పంపాలని నా ఆశ.

హాలు దొరికింది. బయట చాంతాడంత వరస. మనిషికీ మనిషికీ రెండు మీటర్ల దూరం. అది ఇప్పుడు కరోనా టెస్టు సెంటరు. వృద్ధాశ్రమంలోకి వెళ్ళాలంటే ఎలాగూ అప్పటికప్పుడు ఫలితమిచ్చే ష్నెల్‌టెస్ట్ కావాలి కనుక నేనూ నిలబడ్డాను. లోపల ప్లాస్టిక్ తెరలు, ఒక్కో తెర వెనక ఒక్కో నర్సు. తల వెనక్కి వంచమంది. పుల్ల ముక్కులోకి వెళ్తుంటే కళ్ళనిండా నీళ్ళు, పైన పాత పూల నగిషీల కప్పు. ఈ కప్పు కిందే కదా అనుకున్నాను.

వరస సర్దుతున్న ఒక పెద్దాయనని అడిగాను. "ఇక్కడ డాన్సులు జరిగేవి. మా అమ్మా నాన్నా ఇక్కడే కలిశారు" అన్నాడు. కుస్తీల సంగతి ఆయనకి తెలియదు. జపాను మనిషి గురించి అసలు వినలేదు. మరీ నొక్కి అడిగితే, వరస ఆగిపోతోంది, ముందుకి నడవండి అన్నాడు.

కప్పు ఫోటో సార్‌కి పంపాను. గంట తర్వాత ఒక వాయిస్ మెసేజ్. మిషను చప్పుడు, తర్వాత సార్ గొంతు, "గీడనా". అంతే. ఆ ఒక్క మాటని చౌరస్తాలో నిలబడి నాలుగైదుసార్లు విన్నాను. ఆ ఊరి ప్రత్యేకమని ఒక బేకరీలో ఐయర్‌షెకె కొన్నాను. గుడ్లూ వెన్నా పోసి చేసే కేకు, ముక్క రెండున్నర యూరోలు. మన జున్నుని ఓవెన్లో పెడితే అలా ఉంటుందేమో. ఆ ప్రయాణంలో నేను సంతోషంగా తిన్నది అదొక్కటే.

వృద్ధాశ్రమం తోట

మూడో రోజు మధ్యాహ్నం ఫ్రౌ లిండ్నర్ దగ్గర నా టెర్మిన్. అరగంట. లోపలికి రానివ్వరు, తోటలో బల్ల వేసి మధ్యలో ప్లాస్టిక్ అద్దం నిలబెట్టారు. ఆవిడని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఎనభై ఆరేళ్ళు, తెల్లజుట్టు చక్కగా దువ్వి ఉంది, ఒళ్ళో ఆల్బమ్. మా గురువుగారు మీ తాతగారి గురించి పుస్తకం రాస్తున్నారని నాకొచ్చిన జర్మన్‌లో చెప్పాను.

"మా తాత గురించి పుస్తకమా?" అంది. "ఆయన్ని చూసి ఊరంతా నవ్వేది. అది తెలుసా మీకు?"

తెలియదన్నాను. ఆవిడ ఒక ఫోటో తీసి అద్దానికి ఆనించింది. డేరాలో బరి. మీసాల భారీ మనిషి ఒకడు వెల్లకిలా పడి ఉన్నాడు, ఒక అరచెయ్యి నేలకి ఆనించి. అడుగు దూరంలో పొట్టి మనిషి నిలబడి, చేతులు తొడలకి ఆనించి తల వంచి దండం పెడుతున్నాడు. వెనక జనం, నవ్వుతున్న నోళ్ళు.

"మా అమ్మ చెప్పేది" అంది ఫ్రౌ లిండ్నర్. "తాత ఆ భారీ మనిషి చెయ్యి పట్టి మెలిపెట్టేవాడట. అతను నొప్పికి ఓర్చలేక అరచేత్తో నేలని రెండుసార్లు తట్టేవాడు. వెంటనే తాత వదిలేసి, లేచి, ఇలా వంగేవాడు. ఆ వంగినప్పుడు అతను వెనకనుంచి ఎత్తి పడేసి మీద కూచునేవాడు. రెండు భుజాలూ నేలకి తగిలితే ఓడినట్టు. జనం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. చేతికి చిక్కినవాణ్ణి ఎందుకు వదిలేవాడు? అంత తెలివితక్కువవాడా మా తాత?"

మా విద్యలో అలా తట్టడమంటే నేను ఓడాను, వదులు అని చెప్పడం, అన్నాను. తట్టిన మరుక్షణం వదలాలి, వదలకపోతే ఎముక విరుగుతుంది. పడటం తర్వాత మాకు నేర్పే మొదటి పాఠం అదే. ఇక్కడి బరుల్లో ఆ నియమం లేదు. మీ తాతగారు ఆట అయిపోయిందనుకున్నారు.

ఆవిడ ఫోటోని తనవైపు తిప్పుకుంది. "అంటే గెలిచింది మా తాతేనా?"

"మా లెక్కలో ఆయనేనండీ."

కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఇంతకాలం ఈ మాట నాకెవరూ చెప్పలేదు. మా అమ్మకి కూడా తెలియకుండానే పోయింది."

నేను అప్పుడు లేచి వచ్చేసి ఉంటే సరిపోయేది. కానీ నా బుద్ధి నాది. మొదటిరోజు తెలియక వదిలేశారు సరే, ఆ తర్వాత రోజూ ఎందుకు వదిలారు అని అడిగాను.

"ఆ నవ్వు మేనేజరుకి నచ్చింది" అంది. "రోజూ అలాగే చెయ్యమన్నాడు. తాతకి అప్పటికే పెళ్ళయింది, తర్వాత మా అమ్మ పుట్టింది. పదకొండేళ్ళు చేశాడు, ఊరూరా, సంతల్లో. మా అమ్మ ముందు వరసలో కూచునేది. ఆరేళ్ళప్పుడు ఒకరోజు ఉండబట్టలేక, వదలొద్దు నాన్నా అని అరిచిందట. జనం ఇంకా నవ్వారు. మర్నాటి నుంచి మేనేజరు దాన్ని కూడా ఆటలో కలిపాడు. పిల్ల రోజూ అరవాలి, నాన్న రోజూ వదలాలి. పెద్దయ్యాక మా అమ్మ ఆయనతో మాట్లాడలేదు."

సమాధి ఎక్కడుందని అడిగాను. లేదంది. ఇక్కడ సమాధి స్థలం కొన్నేళ్ళకే ఇస్తారు, గడువయ్యాక ఇంటివాళ్ళు పొడిగించుకోవాలి. వాళ్ళమ్మ పొడిగించలేదు. రాయి తీసేసి ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేశారు. మనం కాల్చి ఏట్లో కలిపేస్తాం, అసలు చోటే అడగం. అయినా పేరున్న రాయిని అలా పీకేయడం నాకు మింగుడుపడలేదు.

టైమైపోయిందని నర్సు వచ్చింది. "ఆ పేజీ అచ్చయ్యాక నాకు పంపండి" అంది ఫ్రౌ లిండ్నర్. "మీ భాష చదవలేను. అయినా పంపండి."

బెంచీ

ఆశ్రమం గేటు బయట బెంచీ మీద కూచుని, విన్నదంతా వరసగా నోట్సు రాసుకుని కరీంనగర్‌కి ఫోన్ చేశాను. సార్ కొడుకు రమేష్ ఎత్తాడు.

"నాన్నకు ఇయ్యాల జెర మంచిగున్నది అక్కా. నీ ఫోన్ కోసమే చూస్తుండు. స్పీకర్ పెడుతున్న."

"చెప్పు బిడ్డా" అన్నారు సార్. "ఓడిండా?"

"ఓడిండు సార్" అన్నాను. మోచేతి పట్టు గురించి, ఎదుటివాడు తట్టడం గురించి చెప్పాను.

"తట్టంగనే వదిలిండా?"

"తట్టంగనే వదిలిండు సార్. లేచి దండం పెట్టిండు. వీళ్ళకు ఆ రూల్ తెల్వదు. దండం పెడుతుంటే వెనుకకెళ్ళి పడగొట్టిండ్రు."

సార్ నవ్వారు. ఆ ఊపిరితోనే నవ్వారు.

"శభాష్" అన్నారు. "శభాష్ రా కిటమురా. గిది గెలుపు గాకపోతే ఏంది. చాలు బిడ్డా. గిట్లనే రాస్త."

"ఇంకా ఉన్నది సార్."

"చాలు బిడ్డా."

ఆయాసమని అంటున్నారనుకున్నాను. పుస్తకం రాసే మనిషికి సగం చెప్పి సగం దాస్తానా అనుకున్నాను. నోట్సులో ఇంకా ముప్పావు పేజీ ఉంది. చదివాను. మేనేజరు, సంతలు, పదకొండేళ్ళు, ముందు వరసలో ఆరేళ్ళ పిల్ల. నాకేం మాయరోగమో, సమాధి రాయి పీకేసిన సంగతి కూడా చెప్పాను.

సార్ అని పిలిచాను.

"ఆ పిల్ల అరిచిందా?" అన్నారు.

"రోజూ అరిచేది సార్. అది గూడ ఆటలనే."

"మంచిది బిడ్డా" అన్నారు. "జాగ్రత్తగ ఇంటికి పో."

తిరిగొచ్చాక

మర్నాడు పొద్దున రమేష్ ఫోన్ చేశాడు. సార్ నోట్‌బుక్కులు తెప్పించుకుని, చివరి అధ్యాయానికి రాసిపెట్టుకున్న పేజీలన్నీ అడ్డంగా కొట్టేశారట. తర్వాత ముందుమాట కూడా. పుస్తకం వద్దన్నారట. నేను మాట్లాడతానంటే, నాన్న ఎవరితోటీ మాట్లాడతలేడు అక్కా అన్నాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులు రోజూ పొద్దున కాఫీ పెట్టుకుని ఫోన్ చేశాను. సార్ తీసుకోలేదు. పదో రోజు రమేషే చేశాడు. దహనం ఫోన్లో చూశాను. తెల్లసంచుల్లాంటి బట్టల్లో నలుగురు, దూరంగా ఇద్దరు. మా అమ్మాయి వచ్చి ఏం సినిమా అని జర్మన్‌లో అడిగింది.

ఊపిరితిత్తులు ఎలాగూ పాడైపోయాయని, నేను చెప్పినా చెప్పకపోయినా అంతే అయ్యేదని మా ఆయన అంటాడు. కావచ్చు. కానీ నలభై ఏళ్ళ పుస్తకం పూర్తయిందన్న మాట మీద పోవాల్సిన మనిషి, అది చేత్తో కొట్టేసుకుని పోయాడు. కర్మ అయ్యాక రమేష్‌కి ఫోన్ చేసి ఏడ్చాను. అతను నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు.

"నాన్న చాలన్నడు గదక్కా" అన్నాడు. "రెండుసార్లన్నడు. నేను పక్కనే ఉన్న."

జులైలో ఫ్రౌ లిండ్నర్ నుంచి ఉత్తరం వచ్చింది. వణికే అక్షరాలు. భోజనాల బల్ల దగ్గర అందరికీ చెప్పేశానని రాసింది, మా తాత తెలివితక్కువవాడు కాదని, చేతికి చిక్కినవాడి ఎముక విరవకుండా వదిలినవాడని. మీ గురువుగారు మా తాత గురించి చివరికి ఏం రాశారని అడిగింది.

మూడు వారాలు జవాబు రాయలేదు. తర్వాత ఒక ఆదివారం కూచుని రాశాను. నేను ఫోన్లో చెప్పగానే మా గురువుగారు, తట్టగానే వదిలాడా అని అడిగారని, వదిలాడంటే నవ్వారని, శభాష్ అన్నారని రాశాను. శభాష్ అంటే ఏమిటో జర్మన్‌లో విడమరిచి రాశాను. సార్ లేరని రాయలేదు. పుస్తకం లేదని రాయలేదు. రాయాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి, పెన్ను మూత పెట్టేశాను. అక్కడ ఆపడం పెద్ద కష్టమేమీ అనిపించలేదు. ఆ రోజు బెంచీ మీద ఆపినా కష్టమయ్యేది కాదు.